గరుసు నేలలో ఈ నీలిపూల మొక్క విష్ణుక్రాంతేనా?

ప్రశ్న (గరుసునేల, అనంతపురం జిల్లా):
మా చేను పక్కన గొర్రెలు మేసే బీడులో ఒక మొక్క నేలబారుగా పాకుతోంది. పువ్వు చొక్కా గుండీ కన్నా చిన్నది, లేత నీలం, నడుమ తెలుపు. ఆకు నిమిరితే మెత్తటి నూగు తగులుతుంది. పొద్దున విచ్చుకున్న పూలు మధ్యాహ్నానికి ముడుచుకుపోయాయి. మా అవ్వ దీన్నే విష్ణుక్రాంత అనేది. మాకు జ్వరమొస్తే వేళ్లతో సహా పీకి కడిగి, జీలకర్ర వేసి పాలల్లో కాచి ఇచ్చేది. ఆ వాసన ఇంకా గుర్తుంది. కానీ మా అక్క అదే పేరుతో నర్సరీలో కొన్నది పందిరికి అల్లుకునే తీగ, పువ్వు బొటనవేలు కన్నా పెద్దది. ఏది అసలుది? అక్క కొడుకు ఫిట్స్ మాత్రలు వాడుతున్నాడు. చదివింది గుర్తుండట్లేదని వాడికి ఈ ఆకు రసం పట్టిద్దామనుకుంటోంది.

జవాబు (బోటనీ మాస్టారు):
మీ అవ్వ మాటే సరి. ఇది ఎవాల్వులస్ ఆల్సినాయిడిస్. చిలగడదుంప కుటుంబమే గానీ దేన్నీ చుట్టుకోదు. నర్సరీది శంఖుపుష్పం అనుకుంటా. చిక్కుడు జాతి, ఒక్కో కాడకు ఐదో ఏడో చిన్నాకులు, కాయ బల్లపరుపుగా ఉంటుంది. చవితి 21 పత్రాల్లో విష్ణుక్రాంత ఒకటి కదా, మా సంతలో ఆ పేరుతో శంఖుపుష్పం ఆకే అమ్ముతారు. చూసినప్పుడల్లా బాధేస్తుంది. ఆయుర్వేదంలో జ్ఞాపకశక్తికి వాడే శంఖపుష్పి పేరూ ఇంతే. ఒక్కోచోట ఈ రెండింటినీ అలాగే పిలుస్తారు, ఉత్తరాదిన కాన్వాల్వులస్ అనే మరో మొక్కను వాడతారు. భూతద్దంతో పువ్వు నడుమ చూడండి. కీలాలు, అంటే అండాశయం మీద నిలిచే సన్నని కాడలు, రెండు; ఒక్కోటి మళ్లీ రెండుగా చీలి నాలుగు దారాల్లా కనిపించాలి. కాన్వాల్వులస్‌కు కీలం ఒక్కటే.

జవాబు (మందులషాపు):
అన్నా, ముందు పిల్లవాడి సంగతి. శంఖపుష్పి మందు వాడినప్పుడు ఫెనిటాయిన్ అనే ఫిట్స్ మాత్ర రక్తంలో తగ్గిపోయి, అదుపులో ఉన్న ఫిట్స్ మళ్లీ వచ్చినట్టు మన దేశంలోనే డాక్టర్లు గమనించారు. వాడు వాడేది ఏ మాత్రైనా సరే, డాక్టర్‌ను అడగకుండా ఏ ఆకు రసమూ పట్టొద్దని చెప్పండి. ఈరోజే చెప్పండి.

గరుసునేల:
చెల్లీ, వెంటనే ఫోన్ చేశాను. అక్క ఇంకా మొదలుపెట్టలేదు, మానేస్తానంది. మాస్టారూ, పొద్దున ఆరున్నరకే బీడుకు వెళ్లి మా పాప భూతద్దంతో చూశాను. నాలుగు దారాలూ ఉన్నాయి.