సల్ఫ్యూరిక్ యాసిడ్ పీహెచ్ 1.84 ఎలా వస్తుంది?

0.01 మోలార్ సల్ఫ్యూరిక్ యాసిడ్‌కి 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర పీహెచ్ కనుక్కోవాలి. రెండో అయనీకరణ స్థిరాంకం 0.012 అని ఇచ్చారు. పుస్తకం వెనక జవాబు 1.84.

మొదటి ప్రోటాన్ ఒక్కటే లెక్కేస్తే 2.00 వస్తోంది. రెండూ పూర్తిగా విడిపోయాయనుకుంటే 1.70. అంటే బైసల్ఫేట్ (మొదటి ప్రోటాన్ పోయాక మిగిలే అయాన్) కొంతే విడిపోతోంది, అంతవరకు అర్థమైంది. బలహీన ఆమ్లాలకు వాడే వర్గమూలం సూత్రం పెడితే 0.011 మోలార్ వచ్చింది. ఉన్న బైసల్ఫేటే 0.01, అంతకన్నా ఎక్కువ ఎలా విడిపోతుంది! ఆ ఉజ్జాయింపు వదిలేసి, బైసల్ఫేట్ ఒక్కటే నీళ్లలో ఉన్నట్టు వర్గ సమీకరణం సాధించాను. 0.0065 వచ్చింది. దానికి మొదటి దశ 0.01 కలిపితే పీహెచ్ 1.78. దగ్గరకొచ్చింది కానీ సరిపోలేదు.

మొదటి దశలో వచ్చిన 0.01 హైడ్రోజన్ అయాన్లను చివర్లో కలపాలా, లేక రెండో దశ సమతాస్థితి సమీకరణంలోనే ముందుగా పెట్టాలా?