తల్లిపక్షి కొడుకునో కూతురినో ఎంచుకుంటుందా?

పిచ్చుకగూడు:
తిండిని బట్టి కొన్ని తల్లిపక్షులు కొడుకుల్ని ఎక్కువ కంటాయని, కొన్ని కూతుళ్లనని చదివాను. నమ్మబుద్ధి కావడం లేదు. ఆడా మగా అనేది లాటరీ కదా?

రెక్కలరాత:
పక్షుల్లో ఆ లాటరీ తల్లి దగ్గరే ఉంటుందండీ. మగదానికి రెండు జెడ్ క్రోమోజోములు, ఆడదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. గుడ్డులో జెడ్ మిగిలితే కొడుకు, డబ్ల్యూ మిగిలితే కూతురు. సీషెల్స్ దీవుల్లో ఉండే వార్బ్లర్ అనే చిన్న పిట్టనే చూడండి. కూతుళ్లు చాలావరకు పుట్టింట్లోనే ఉండి తర్వాతి పిల్లల్ని సాకుతాయి. పురుగులు పుష్కలంగా దొరికేచోట పిల్లల్లో మగవి 13 శాతం, దొరకనిచోట 77 శాతం. 1997లో అచ్చయిన లెక్క ఇది. కరువుచోట ఇంటిపట్టున ఉండే కూతురంటే ఇంకో నోరే మరి! అలాంటి జంటల్ని మంచిచోటికి మారిస్తే కూతుళ్లను కనడం మొదలుపెట్టాయి.

పిచ్చుకగూడు:
అక్కర్లేని పిల్లకి మేత పెట్టకుండా వదిలేసి ఉండొచ్చుగా?

రెక్కలరాత:
అది సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది. ఒకరికి పెట్టి ఇంకొకరికి మానేసే ప్రశ్నే రాదు.

లెక్కలమాస్టారు:
ఒక్క దీవి పిట్టని చూసి పక్షులన్నిటికీ తీర్పు చెప్పేస్తే ఎలా? 2004లో ఎవెన్, క్యాసీ, మోలర్ అనే పరిశోధకులు ఎన్నో జాతుల ఫలితాలు కలిపి చూస్తే సగటు ప్రభావం దాదాపు సున్నా. పైగా తేడా కనిపించిన పరిశోధనలు అచ్చవుతాయి, కనిపించనివి సొరుగులో మూలుగుతాయి.

బూడిదగువ్వ:
సగటు సున్నా అయితే ఏ జాతిలోనూ లేదని కాదు కదా మాస్టారూ. న్యూజిలాండ్‌లో ఉండే కాకాపో అనే ఎగరలేని చిలుక సంగతి చూడండి. అందులో మగది ఆడదానికన్నా బాగా బరువు. బలమైన మగది చాలా ఆడవాటితో జతకడుతుంది, బక్కది బ్రహ్మచారిగా మిగులుతుంది. కాబట్టి ఒంట్లో సత్తువున్న తల్లికి కొడుకే లాభమని ట్రివర్స్, విల్లార్డ్ అనే శాస్త్రవేత్తలు 1973లోనే అన్నారు (వాళ్లు క్షీరదాల గురించి అన్నారు లెండి). సంరక్షకులు పాపం మంచికే అదనపు మేత పెట్టారు. కొడుకులే ఎక్కువ పుట్టాయి! అంతరించేలా ఉన్న జాతికి కావాల్సింది ఆడవి. 2002 నుంచి తల్లుల బరువు చూసి మేత పెట్టారు, తేడా సర్దుకుంది.

లెక్కలమాస్టారు:
కాకాపో వరకు ఒప్పుకుంటాను, పిల్లలు కొద్దే అయినా. కానీ "ఎంచుకుంటుంది" అనకండి. గుడ్డు విడుదలకి కొన్ని గంటల ముందు జెడ్ ఉంటుందా, డబ్ల్యూనా అన్నది తేలిపోతుంది. అక్కడ తల్లి ఒంటి స్థితి ఏదైనా మొగ్గు చూపించొచ్చు, అంతే.

పిచ్చుకగూడు:
పెంపకంలో ఉన్న ఒక ఎక్లెక్టస్ చిలుక వరుసగా 20 మగపిల్లల్ని కన్నదట. అదీ మొగ్గేనా?

లెక్కలమాస్టారు:
నాణెం విసిరితే పది లక్షల్లో ఒకసారి పడే వరుస. సరే, అది నాణెం కాదు.