పాత బేస్‌బాల్ కార్డు చేయబోతే కొత్త ఫొటోలా వస్తోంది, ఏం చేయాలి?

తిరుపతి గాంధీ రోడ్డులో శుభలేఖలు డిజైన్ చేస్తుంటాను. బేస్‌బాల్ గురించి నాకు తెలిసిందంతా అమెరికాలో ఉన్న మా అక్క కొడుకు చెప్పిందే. వాడికి జాష్ గిబ్సన్ అంటే ప్రాణం. గిబ్సన్‌ను నల్లజాతివాడని అక్కడి పెద్ద పోటీ అయిన మేజర్ లీగులోకి రానివ్వలేదు; నల్లజాతి ఆటగాళ్ల లీగుల్లో ఆడి 1947 జనవరిలో పోయాడు. ఆ అడ్డుగోడ దాటిన నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ మేజర్ లీగులో అడుగుపెట్టింది ఆ ఏప్రిల్‌లో! గిబ్సన్‌కు 1909-11 నాటి సిగరెట్ పెట్టెల్లో వచ్చిన ఆటగాళ్ల బొమ్మల కార్డుల తరహాలో ఒకటి చేయమన్నాడు. మెరిసే ఆర్ట్ కార్డు మీద తీశాను. ముఖం నున్నగా, నిన్న తీసిన ఫొటోలా ఉంది. మడతలు, మరకలు కలిపితే, "మామా, కొత్త కార్డు మీద కాఫీ ఒలికినట్టుంది" అన్నాడు. లోపం ఎక్కడ?

చిత్తూరు పాత ప్రెస్సు: మరకలు తీసేయండి బాబూ. ఆ కార్డులు మరకలతో పుట్టలేదు. అవి లితో (రాతి పలక మీద గీసి వేసే) అచ్చు: ఫొటో చూసి గీసిన బొమ్మ, ఒక్కో రంగు విడిగా పడుతుంది. మీ ఫొటోను ఆరేడు చదును రంగులకు దించండి. చెంపకు రెండు ఛాయలు చాలు, వెనక ఆకాశమంతా ఒకటే నారింజ. ఎరుపును అర మిల్లీమీటరు పక్కకు జరపండి. పాత క్యాలెండర్లలో అమ్మవారి పెదవి ఎరుపు గడ్డం మీదికి జారేది, గుర్తుందా? అదీ సంగతి. మెరిసే బోర్డు మాత్రం వద్దు.

కొర్లగుంట వాసి: కొలత చూశారా? అసలువి సుమారు 37 మిల్లీమీటర్ల వెడల్పు, 67 పొడవు. కింద తెల్ల అంచులో పేరు, ఊరు గోధుమ రంగులో ఉంటాయి. వెనక సిగరెట్ ప్రకటన ఉండేది. అది మానేసి, మీరు చేసిన సంవత్సరం వేయండి. రేపెవరైనా పాతదని అమ్ముకోకుండా ఉంటుంది. అన్నట్టు, మన క్రికెటర్ సి.కె. నాయుడికీ ఒకటి చేయరాదా?

ప్రశ్న అడిగినవాణ్ణి: పెద్దాయన చెప్పినట్టే ఎరుపు జరిపాను. మొదటిసారి మరీ ఎక్కువై గిబ్సన్ తాంబూలం వేసుకున్నట్టు కనిపించాడు. తగ్గించాక కుదిరింది. మిగిలిపోయిన శుభలేఖల బోర్డే వాడాను. దాని లేత పసుపు ఛాయ చక్కగా పనికొచ్చింది. వెనకవైపు సంవత్సరంతోపాటు .372 బ్యాటింగ్ సగటు (బేస్‌బాల్ లెక్కలో వెయ్యి బ్యాటింగ్ అవకాశాలకు 372 హిట్లు) వేశాను. నల్లజాతి లీగుల లెక్కలను 2024లో మేజర్ లీగు రికార్డుల్లో కలిపినప్పుడు అదే అగ్రస్థానంలో నిలిచింది. నాయుడుగారిది వచ్చే వారం. 1926లో బొంబాయిలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద కొట్టిన 11 సిక్సర్లు అంత చిన్న కార్డు వెనక పట్టించాలి.