అప్‌డేట్: మూలన ఉన్న ఆఫీసుకి రంగులొచ్చాయి

పడకగదిలో ఓ మూలని తక్కువ ఖర్చుతో రంగురంగుల ఆఫీసుగా మార్చడం ఎలా అని అడిగాను కదా, పని పూర్తయింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

గది మొత్తం కాకుండా ఒక్క గోడకే రంగు వేయమన్న మాట డబ్బు బాగా మిగిల్చింది. ముదురు పసుపు ఎంచుకున్నాను. పసుపు కింది రంగుని అంత తేలిగ్గా కప్పదని తెలియక ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత) మానేశాను. రంగు 2 పూతలు వేసినా పాత నీలం ఆకుపచ్చగా తొంగిచూస్తూనే ఉంది. చివరికి తెల్ల ప్రైమర్ వేసి, మళ్లీ 2 పూతలు వేశాక గానీ అసలు రంగు తేలలేదు. మీరెవరైనా పసుపు వేస్తుంటే ముందే ప్రైమర్ కొనండి, అదే చవక.

టేబుల్ ఆ గోడకి ఎదురుగా పెడితే వీడియో కాల్‌లో ముఖం పసుపుగా కనిపించింది. కిటికీ వెలుగు గోడ మీద పడి ముఖం మీదికి వస్తోంది. ఇప్పుడు గోడ నా వెనక ఉంది, కిటికీ పక్కన ఉంది. స్క్రీన్ మీద మెరుపు కూడా తగ్గింది.

కొత్త కర్టెన్లు కొనలేదు. పాత చీర అంచు కత్తిరించి పిన్‌బోర్డు చుట్టూ అతికించాను. ఆ ఎర్రంచు పసుపు గోడ మీద ఎంత బాగుందో! డబ్బాలో మిగిలిన పెయింట్‌తో పాత స్టూలుకి కూడా రంగు వేశాను. ఇక కుర్చీ ఒక్కటే మార్చాలి, దానికి వచ్చే నెల దాకా ఆగుతాను.