కర్నెల్‌లో బోర్డుకో ఇఫ్‌డెఫ్: మూడో చిప్ వచ్చేలోగా కోడును ఎలా విడదీయాలి?

ప్రశ్న:
మేము రాస్తున్న చిన్న కర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) ఒకే ఆర్మ్ ప్రాసెసర్ బోర్డు కోసం మొదలైంది. అదే కుటుంబంలోని రెండో చిప్ వచ్చినప్పుడు, తేడా ఉన్న ప్రతిచోటా ఒక ఇఫ్‌డెఫ్ (ఏ వరుసలు కంపైల్ కావాలో ఎంచే సీ షరతు) పెట్టి నెట్టుకొచ్చాము. ఇప్పుడు రాబోయే మూడో చిప్‌లో ఇంటరప్ట్ (పరికరాల నుంచి ప్రాసెసర్‌కు వచ్చే పిలుపు) కంట్రోలరు, టైమరు, ర్యామ్ మొదలయ్యే అడ్రస్ అన్నీ వేరు. సీరియల్ పోర్టు ఫైలు తెరిస్తే ఏ వరుస ఏ బోర్డుకు కంపైల్ అవుతుందో తేల్చుకోవడమే ఒక పనిగా మారింది. బోర్డుకొక డైరెక్టరీ చేసి దేని కోడు దానిలో పెట్టేయడం మంచిదేనా? నడుస్తున్న రెండు బోర్డులు చెడకుండా ఈ మార్పు చేయడం ఎలా?

సమాధానం 1:
లినక్స్‌లో ఆర్మ్ విభాగం మొదట నడిచింది ఆ దారిలోనే. చిప్ కుటుంబానికొక ‘మ్యాక్’ డైరెక్టరీ, అందులో బోర్డుకొక సీ ఫైలు ఉండేవి. దాంతో ఒకే రకమైన క్లాక్ కోడు, జీపీఐఓ (సాధారణ ఇన్‌పుట్-అవుట్‌పుట్ పిన్‌ల) కోడు ఎన్నో చోట్ల ఎన్నో రూపాల్లో పెరిగిపోయాయి. 2011లో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ దీనిపై బాహాటంగానే విసుక్కున్నారు. ఆ తరువాత క్లాక్, పిన్ కంట్రోల్ వంటివి ఉమ్మడి ఫ్రేమ్‌వర్కుల కిందికి చేరాయి, బోర్డు వివరాలు డివైస్ ట్రీలోకి (హార్డ్‌వేర్‌ను వర్ణించే విడి డేటాలోకి) మారాయి, 2012 డిసెంబరులో విడుదలైన లినక్స్ 3.7 నాటికి వేర్వేరు కుటుంబాల చిప్‌లపై ఒకే ఇమేజ్ (బిల్డ్ చేసిన కర్నెల్ ఫైలు) బూట్ అయ్యే ఏర్పాటు వచ్చింది.

కాబట్టి బోర్డు పేరును పక్కన పెట్టి, తేడా ఏ రకానిదో చూడండి. మీ సీరియల్ పోర్టునే తీసుకుందాం. 16550 రకం యూఆర్ట్‌లో (సీరియల్ పోర్టును నడిపే హార్డ్‌వేర్‌లో) లైన్ స్టేటస్ రిజిస్టర్ 5వ స్థానంలో ఉంటుంది; రిజిస్టర్లను నాలుగేసి బైట్ల దూరంలో అమర్చిన చిప్‌లో అదే రిజిస్టర్ 20వ బైటు దగ్గర దొరుకుతుంది. ఇది కేవలం ఒక అంకె తేడా, డ్రైవరుకు డేటాగా అందిస్తే చాలు. ఆర్మ్ వారి యూఆర్ట్ అయిన పీఎల్011 సంగతి వేరు: 16550 స్టేటస్‌లో 5వ బిట్ 1 అయితే ‘ఖాళీగా ఉంది, పంపవచ్చు’ అని, పీఎల్011 ఫ్లాగ్ రిజిస్టర్‌లో అదే 5వ బిట్ 1 అయితే ‘నిండింది, ఆగండి’ అని. ఈ రెండింటినీ ఒకే ఫంక్షన్‌లో ఇఫ్‌డెఫ్‌తో ఇరికించడం కంటే రెండు డ్రైవర్లు రాయడమే నయం.

సమాధానం 2:
పై మాటతో చాలావరకు ఏకీభవిస్తాను, అయితే మూడు బోర్డులకు డివైస్ ట్రీ పార్సర్ అవసరమా అన్నది నా సందేహం. బోర్డుకొక ఇమేజ్ ఇచ్చేటట్లయితే, అడ్రస్‌లు, ఇంటరప్ట్ నంబర్లు ఉన్న ఒక కాన్‌స్ట్ స్ట్రక్ట్ (మారని విలువల పట్టిక) బోర్డుకొకటి రాసి లింక్ చేస్తే సరిపోతుంది. ర్యామ్ మొదలయ్యే అడ్రస్‌ను మాత్రం బిల్డ్ సమయంలోనే ఖాయం చేయండి. ఒకే ఇమేజ్ కోసం లినక్స్ ఆర్మ్ కోడు, ఫిజికల్ అడ్రస్‌ను వర్చువల్‌గా మార్చే ఇన్‌స్ట్రక్షన్లను బూట్ సమయంలో తానే దిద్దుకుంటుంది. మీకు ఆ తిప్పలు అక్కర్లేదు.

సమాధానం 3:
చెడకుండా మార్చడం గురించి: ఫైళ్లను జరిపే కమిట్‌లో ఒక్క వరుస కూడా దిద్దకండి. పేరు మార్పును గిట్ (కోడు చరిత్రను భద్రపరిచే సాధనం) విడిగా నమోదు చేయదు, రెండు ఫైళ్ల పోలికను బట్టి ఊహిస్తుంది. జరపడం, దిద్దడం కలిపేస్తే పాత చరిత్ర తెగిపోవచ్చు. జరిపాక రెండు బోర్డులకూ బిల్డ్ చేసి, పాత ఆబ్జెక్ట్ ఫైళ్లతో పోల్చండి. అసర్ట్‌లలో ఫైలు పేరు ఉన్నచోట తప్ప తేడా కనిపించకూడదు. లినక్స్ 2.6.24లో ఐ386 (32 బిట్), ఎక్స్86-64 (64 బిట్) విభాగాలను కలిపినప్పుడూ ముందు ఫైళ్లను ‘32’, ‘64’ తోకలతో ఒకే డైరెక్టరీకి చేర్చి, ఏకం చేసే పనిని ఆ తరువాత మెల్లగా సాగించారు.

ప్రశ్న అడిగినవారు:
స్ట్రక్ట్ పద్ధతికే వెళ్తాము. ఒక చిక్కు మిగిలింది: మా ఎక్సెప్షన్ ఎంట్రీ (ఇంటరప్ట్ రాగానే మొదట నడిచే కోడు) అసెంబ్లీలోనే జీఐసీ (ఆర్మ్ ఇంటరప్ట్ కంట్రోలరు) ఎక్‌నాలెడ్జ్ రిజిస్టర్‌ను నేరుగా చదువుతున్నాము.

సమాధానం 1:
అక్కడి నుంచి తీసేయండి. ఎంట్రీ కోడు ప్రాసెసర్ రిజిస్టర్లను భద్రపరిచి, ఒక ఫంక్షన్ పాయింటర్ ద్వారా కాల్ చేస్తే చాలు. ఆ పాయింటర్‌ను ఇంటరప్ట్ కంట్రోలర్ డ్రైవరు తన ఇనిట్‌లో నింపుతుంది. నంబరు చదవడం, 1023 వస్తే వట్టిదని వదిలేయడం, పని ముగిశాక ఎండ్ ఆఫ్ ఇంటరప్ట్ రాయడం, ఇవన్నీ జీఐసీ డ్రైవరులోనే ఉండాలి. ఇంటరప్ట్‌కు ఒక పరోక్ష కాల్ అదనపు ఖర్చు వస్తుంది కానీ, రిజిస్టర్లను భద్రపరిచే ఖర్చు ముందు అది లెక్కలోకి రాదు.