జువావ్ జిల్బెర్టో ‘అమొరోజో’: వయొలిన్లు గిటార్‌ని మింగేశాయా?

మంద్రతంత్రి:
మింగేశాయనే నా వాదన. జిల్బెర్టో బ్రెజిల్ గాయకుడు, గిటారిస్టు; అక్కడి సంగీతశైలి బాసనోవా ప్రాణం ఆయన గిటార్‌లో ఉంది. 1977 నాటి ఈ ఆల్బమ్‌లో వాద్యబృందానికి రచన చేసిన క్లాస్ ఓగర్‌మన్ దానిమీద తీగవాద్యాలు కుమ్మరించాడు. జిల్బెర్టో 1973 ఆల్బమ్‌తో పోల్చి వినండి: గొంతు, గిటార్, సన్నీ కార్ తట్టే కాస్త తాళవాద్యం. గోరు తీగకి తగిలే చప్పుడూ వినబడుతుంది. ఇక్కడ అదేదీ?

శ్రుతిపెట్టె:
చప్పుడు తగ్గింది, నిజమే. మింగేశాయంటే ఒప్పుకోనండి. బార్‌కి (ఒక ఆవర్తనానికి) రెండు దెబ్బలుండే 2/4 తాళంలో ఆయన బొటనవేలు రెండు దెబ్బలకీ మంద్రస్వరం సమంగా వేస్తుంది. మిగతా వేళ్లు కార్డ్‌ని (కలిసి పలికే స్వరాల గుత్తిని) ఒక్కసారిగా లాగి దెబ్బకి అటూ ఇటూ వేస్తాయి. గొంతుదింకో దారి: ఒక పాదం ముందే అందుకుంటాడు, మరోటి వెనక్కి లాగుతాడు. కదిలేవి అప్పటికే మూడు. అందుకే ఓగర్‌మన్ ఎక్కువచోట్ల పొడుగు స్వరాలు పట్టి ఉంచి, పాదం ముగిశాక వయొలిన్లని కదిలిస్తాడు. ఇందులోని ‘ఎస్తాతే’ పాట వినండి.

ఏడోతీగ:
ఇలా గిటార్ మీద తీగవాద్యాలు రాయబోయేవాళ్లు సాధారణంగా చెడగొట్టేది నాలుగుచోట్ల. మొదటిది స్థాయి. గిటార్ కార్డ్ ఉన్న ఆక్టేవ్‌లోనే వయొలిన్లకి నాలుగు స్వరాలు రాస్తే రెండూ కలిసి బురదే. ఒక ఆక్టేవ్ పైకెత్తి, అందరికీ ఒకే స్వరం గానీ రెండు గానీ ఇవ్వండి. రెండోది కమాను. మీటిన తీగ టక్కున పలుకుతుంది, కమాను స్వరం నిదానంగా లేస్తుంది. దెబ్బ దాటి పడే కార్డ్‌ని వయొలిన్లకిస్తే తాళం ఈడ్చుకుపోతున్నట్టుంటుంది. వాళ్లని మొదటి దెబ్బ మీదే ఎక్కించండి. మూడోది చెల్లోలు, అంటే వయొలిన్ జాతిలో మంద్రంగా పలికేవి. వాటికి కార్డ్ మూలస్వరం ఇవ్వకండి, బాస్ ఎలాగూ అదే వాయిస్తోంది. మూడో స్వరమో ఏడోదో చాలు. నాలుగోది డ్రమ్మర్. డ్రమ్ అంచు మీద ఒకే రెండు బార్ల నమూనా ఆపకుండా కొట్టాడా, గిటార్ నడక మార్చిన ప్రతిసారీ గుద్దుకుంటారు.

మంద్రతంత్రి:
రాత బాగుందని నేనూ అంటాను, పేచీ అది కాదు. ఇందులోని ‘బేసామె ముచో’ పాట దాదాపు తొమ్మిది నిమిషాలు. అంతసేపు ఆ వయొలిన్ల పరుపు అవసరమా?

శ్రుతిపెట్టె:
అదే పల్లవి మళ్లీ మళ్లీ పాడుతూ, ప్రతిసారీ మాటని వేరేచోట దించుతాడు కదా. కింద కదలనిది ఒకటుంటేనే ఆ జరుగుడు చెవికి అందేది.

మంద్రతంత్రి:
కదలనిది కావాలంటే బొటనవేలు ఉందిగా. వయొలిన్లని ఇంకో మెట్టు తగ్గించి మిక్స్ చేసుంటే ఈ గొడవే ఉండేది కాదు.