మగాడు వేటకి, ఆడది ఏరుకోడానికి... ఇది సైన్సేనా?

లబ్బీపేట అక్క:
ఆదివారం మా ఇంట్లో పెద్ద రచ్చ. చెల్లి కౌన్సెలింగ్‌లో మెకానికల్ పెట్టుకుంటానంది. బావ బిర్యానీ కలుపుకుంటూ "లక్షల ఏళ్లు మగాడు వేటకెళ్లాడు, ఆడది కాయలూ దుంపలూ ఏరుకొచ్చింది, మెదళ్లే అలా తయారయ్యాయి, మెషీన్లు నీకెందుకమ్మా, కంప్యూటర్ సైన్స్ తీసుకో" అన్నాడు. పైగా దీన్ని ఎవల్యూషనరీ సైకాలజీ అంటారట. ఇందులో నిజం ఎంత? (కంప్యూటరూ మెషీనేగా అని నాకు తట్టేసరికి బావ చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు.)

బ్రాడీపేట 4వ లైను:
ఫిలిప్పీన్స్‌లో అగ్టా తెగ ఆడవాళ్లు విల్లంబులు, కుక్కలు పట్టుకుని అడవి పందుల్ని, జింకల్ని కొట్టేవాళ్లు. పెరూ కొండల్లో వేట సామాను పక్కన పెట్టి పూడ్చిన, దాదాపు 9 వేల ఏళ్ల నాటి మనిషి టీనేజీ అమ్మాయని 2020లో తేల్చారు. చాలా తెగల్లో పెద్ద జంతువుల వేట మగవాళ్లదే, కాదనను. కానీ వేట నుంచి వెల్డింగ్ దాకా మీ బావ వేసిన వంతెన ప్రకాశం బ్యారేజీ కంటే పొడుగుంది.

కృష్ణలంక కుర్రాడు:
అలాగని అంతా ఉత్తదే అనకండి. 1989లో డేవిడ్ బస్ అనే ఆయన 37 సంస్కృతుల్లో పదివేల మందిని అడిగితే, దాదాపు అన్నిచోట్లా భర్త సంపాదన గురించి ఆడవాళ్లు, భార్య అందం, వయసు గురించి మగవాళ్లు ఎక్కువ పట్టించుకున్నారు. మన పెళ్లిచూపుల్లో జరిగేదీ అదేగా.

మిర్చి యార్డు పక్క వీధి:
తమ్ముడూ, ఆ లెక్కలే 1999లో ఈగ్లీ, వుడ్ అనే ఇద్దరు మళ్లీ తీసి చూశారు. ఆడా మగా సమానత్వం ఎక్కువున్న దేశాల్లో, సంపాదన విషయంలో ఆ తేడా తగ్గింది. చేతిలో డబ్బు లేనప్పుడు డబ్బున్నవాణ్ణే వెతుక్కుంటారు, దానికి రాతియుగం దాకా పోవాలా? మా అమ్మ గుంటూరులో మిర్చి తొడిమలు తీసేది. ముక్కుకి కొంగు చుట్టుకుని పొద్దంతా కూర్చుంటే రాత్రికి వేళ్లు మండి అన్నం స్పూనుతో తినేది. బస్తాలు మోసే మగవాళ్లకి కూలి ఎక్కువ. అదేంటని అడిగితే మేస్త్రి "ఆడోళ్ల చేతులు సున్నితం, ఈ పని వాళ్లకే వచ్చు" అనేవాడు. సున్నితమైన చేతులకేనా కారం పూసేది?

కృష్ణలంక కుర్రాడు:
ఆ మాట ఒప్పుకుంటా అక్కా. నేను చెప్పింది కూడా పెళ్లి సంగతే, ఇంజినీరింగ్ బ్రాంచ్ సంగతి కాదు.

లబ్బీపేట అక్క:
థాంక్స్ అందరికీ. ఆప్షన్లకి రేపే ఆఖరు, మెకానికల్ పైన పెట్టించా. బావకి నాన్న చెప్తారట.